నాన్న పండుకున్నడు

పగిడయ్య పొద్దున్నే దండం పెట్టుకునే దేవుళ్లలో కాలిపోయిన నీళ్ల పంపు కూడా ఒకటుంది. భద్రాచలం రాముడు, కాలనీ చివర ముత్యాలమ్మ, వాళ్ల తర్వాత బొగ్గుబాయి అడుగున మాడి మసైపోయిన ఆ పంపు. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఆ ఏడాది ఆ పంపు కాలకపోయి ఉంటే తన బిడ్డ ఏమయ్యేదో అని తలుచుకుంటే ఆయనకు ఈరోజుకీ ముద్ద గొంతు దిగదు.

సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

మణుగూరు దగ్గర, అడవిని ఆనుకుని ఉన్న గని కాలనీలో పగిడయ్యది రెండు గదుల క్వార్టర్. బాయిలో పంపు ఆపరేటర్. బొగ్గు తవ్వేవాళ్లకు సెలవుంటుంది గానీ భూమిలో ఊరే నీళ్లకు సెలవు లేదు. రాత్రంతా ఎవరో ఒకరు పంపు పక్కన కాపలా ఉండాల్సిందే. అందరూ వారానికో షిఫ్ట్ మారుతుంటే, పగిడయ్య మాత్రం తోటివాళ్లను అడిగి మరీ రాత్రి షిఫ్టులు చేసేవాడు. రాత్రిపూట ఆఫీసర్లు దిగరు, అజమాయిషీ ఉండదు, తనూ తన పంపూ అంతే. తోటివాళ్లు ఆయన్ని దేవుడనేవారు. మన నిద్ర మనకు దక్కనిచ్చేవాడు ఎవడైనా దేవుడే మరి.

అట్లా ఏళ్ల తరబడి ఆయన పొద్దున ఇంటికొచ్చి, స్నానం చేసి, ఇంత తిని, ముందుగదిలో మంచం వాల్చుకుని పగలంతా నిద్రపోయేవాడు. ఆ నిద్రకు కొత్వాలు భార్య నాంచారమ్మ. ఆమె కారేపల్లి ఆడపడుచు. పుట్టింట్లో ఉన్నప్పుడు పిలిస్తే నాలుగు చేల అవతలికి వినపడే గొంతు. పెళ్లయ్యాక ఆ గొంతును మడతపెట్టి పెట్టెలో దాచేసింది. "నాన్న పండుకున్నడు." ఆ ఇంటికి చట్టమంటూ ఉంటే ఆ రెండు మాటలే. కుక్కర్ విజిల్ వేయబోతుంటే పరుగెత్తుకెళ్లి దించేది. కూరగాయల బండివాడు ఆ గుమ్మం ముందుకు రాగానే నోరు మూసుకుని, దాటాక మళ్లీ వంకాయల పేరు ఎత్తుకునేవాడు. పిల్లలిద్దరూ పగటిపూట సైగలతోనే కొట్లాడుకునేవాళ్లు. చిన్నవాడు వాసు అయితే సైగలతో తిట్టడంలో ఆరితేరిపోయాడు.

పెద్దది అరుణశ్రీకి మాత్రం ఈ చట్టం ప్రాణం మీదికొచ్చేది. ఆ పిల్ల కడుపులో మాట దాగదు. బడి నుంచి వచ్చేసరికి చెప్పాల్సినవి బోలెడుంటాయి, వినాల్సిన మనిషేమో నిద్రలో ఉంటాడు. అందుకని తండ్రి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని, ఆయన ముఖం మీది తువ్వాలునే చూస్తూ ఉండేది. తువ్వాలు కదిలిందా, అయిపోయినట్టే. "నాన్నా, ఇయ్యాల ఏమైందో తెల్సా" అని అందుకుంటే ఆయన టీ తాగి, గడ్డం గీసుకుని, బజారుకు పోయొచ్చేదాకా వదిలేది కాదు. కాలనీలో ఏం జరుగుతోందో, కొడుకు ఏ కిటికీ అద్దం పగలగొట్టాడో, అన్నీ పగిడయ్యకు ఆ నోటి నుంచే తెలిసేవి.

ఇంటర్ రెండో ఏడాదిలోకి వచ్చాక ఆ ఎదురుచూపు ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఎవరూ చెప్పలేరు. సాయంత్రం తువ్వాలు తీసి చూస్తే మంచం దగ్గర ఎవరూ ఉండేవారు కాదు. చదువుకుంటోందేమో అనుకున్నాడు పగిడయ్య. ఈడొచ్చిన పిల్ల ఇంకా తండ్రి మంచం పట్టుకుని వేలాడుతుందా అనుకుంది నాంచారమ్మ. పక్క క్వార్టర్ వాళ్లు "మీ అరుణ ఎంత నిమ్మళమైంది" అని మెచ్చుకున్నారు కూడా. చప్పుడు చేయని పిల్ల ఆ ఇంట్లో మంచి పిల్ల. అట్లాగే పెంచారు మరి.

తర్వాత కాలేజీ నుంచి రాగానే పడుకోవడం మొదలైంది. ఆ తర్వాత వారంలో సగం రోజులు కాలేజీకే పోలేదు. ఇంకో ఊళ్లో అయితే మిట్టమధ్యాహ్నం గోడవైపు తిరిగి పడుకున్న పిల్లను చూసి నలుగురూ నాలుగు ప్రశ్నలు వేసేవాళ్లు. గని కాలనీలో పగటి నిద్ర వింత కాదు. ఏ ఇంట్లో చూసినా ఎవరో ఒకరు పట్టపగలు ముసుగు తన్ని ఉంటారు. "అచ్చం తండ్రి పోలిక" అని నాంచారమ్మ మురిసిపోయింది. రాత్రిళ్లు లైటు వెలుగుతుంటే చదువనుకుంది. పళ్లెంలో అన్నం మిగిలితే వేడి చేసిందనుకుంది. జుట్టుకు నూనె లేక అట్టలు కడితే మాత్రం తిట్టింది, అదీ గుసగుసగానే.

ఇక పరీక్షలు దగ్గరికొస్తున్నాయనగా బాయిలో పంపు కాలిపోయింది.

కొత్తది వచ్చేదాకా ఆ వైపు నీళ్లు తోడే పని ఇంకో పంపు మీద పెట్టి, పగిడయ్యను మొదటి షిఫ్టులో వేశారు. పొద్దున్నే పోయి మధ్యాహ్నం తిరిగి రావడం. మొదటి రోజు ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంటే ఆయనకు తన ఇల్లే కొత్తగా కనిపించింది. తను మేలుకునే ఉన్నాడు, అయినా నాంచారమ్మ మునివేళ్ల మీద నడుస్తోంది. వాసు సైగలు చేస్తున్నాడు.

"ఏందే, ఎవరు సచ్చిండ్రని గిట్ల నడుస్తున్నరు? నేను లేచే ఉన్న కద," అన్నాడు నవ్వుతూ.

"అలవాటైపోయిందయ్యా," అంది ఆమె, మళ్లీ గుసగుసగానే.

"అరుణేది?"

"పండుకుంది."

లోపలి గదిలోకి తొంగి చూశాడు. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తను లేచేదాకా ఆ పిల్ల ఎట్లా కాచుకుని కూర్చునేదో గుర్తొచ్చి, సరదా పుట్టి, తనూ ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు, గడ్డం కింద చేతులు పెట్టుకుని. కళ్లు తెరిచి చూసి ఉలిక్కిపడి నవ్వుతుందని ఆయన ఆశ. ఎంతసేపటికీ లేవలేదు. మెల్లగా వంగి ముఖంలోకి చూశాడు.

పగటి నిద్రలో పగిడయ్యను మించినవాళ్లు లేరు. పగలు నిజంగా నిద్రపోయేవాడు వెలుతురు పడకుండా కళ్ల మీద ఏదో ఒకటి కప్పుకుంటాడు. పంకా గాలి కోసం తెలియకుండానే జరుగుతాడు. ఈగ వాలితే నిద్రలోనే విసుక్కుని కొడతాడు. ఈ పిల్ల కళ్ల మీద ఏమీ లేదు. కిటికీలో నుంచి ఎండ చెంప మీద పడుతోంది. ఈగ ఒకటి వచ్చి కనుబొమ్మ మీద వాలింది. రెప్ప అదిరింది గానీ చెయ్యి లేవలేదు.

"అరుణా," అన్నాడు.

"ఊఁ," అంది వెంటనే. ఆ గొంతులో నిద్రమత్తే లేదు.

"నిద్ర పట్టలేదా?"

"లేదు."

"మరి ఎందుకు పండుకున్నవ్ బిడ్డా?"

"లేవబుద్ధి కాక."

"ఎప్పటి సంది గిట్ల?"

"తెల్వదు నాన్నా," అంది. ఇటు తిరగలేదు.

పగిడయ్య లేచి బయటికొచ్చి గడప మీద కూలబడ్డాడు. ఇన్ని నెలలు ముందుగదిలో తను ముసుగేసుకుని నిద్రపోతుంటే, ఒక్క గోడ అవతల తన బిడ్డ కళ్లు తెరుచుకుని పడుకుంది.

తెలిసింది గానీ ఏం చెయ్యాలో తెలియదు. తెలియని తండ్రులందరూ చేసేదే తనూ చేశాడు. మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. కొత్త డ్రెస్సు కొన్నాడు. ఆదివారం అందరినీ భద్రాచలం తీసుకుపోయి రాముణ్ని చూపించి, గోదావరి ఒడ్డున ఫొటో తీయించాడు. ఆ పిల్ల ఎటు నడిపిస్తే అటు నడిచింది, నవ్వమంటే పెదాలు సాగదీసింది. నాంచారమ్మ దిష్టి తీసి ఎర్రదారం కట్టింది. అబ్బాయెవడైనా ఉన్నాడేమోనని అనుమానం వచ్చి కూతురి స్నేహితురాలు శ్రావణిని పట్టుకుని నిలదీసింది. "అట్లాంటిదేం లేదాంటీ. అసలు అరుణ మాతోటి మాట్లాడకనే చానా రోజులైంది," అంది శ్రావణి. దవాఖానాలో రక్తం తక్కువని ఎర్ర టానిక్ ఇచ్చారు. సీసా ఖాళీ అయింది గానీ పిల్ల లేవలేదు.

చివరికి ఒకరోజు ఆయనకు సహనం చచ్చిపోయింది.

"అసలు నీకేం తక్కువైంది? నేను భూమి కింద చీకట్ల, మోకాటి లోతు నీళ్లల్ల నిలబడి సంపాదిస్తున్న. నువ్వు పంకా కింద పండుకుని గూడ కష్టమేనా?"

అరుణశ్రీ వాదనలో ఓడే పిల్ల కాదు. పాత అరుణశ్రీ అయితే, నిన్ను దిగమని నేను చెప్పిన్నా అని మొదలుపెట్టి ఆయనకు మూడు చెరువుల నీళ్లు తాగించేది. ఆ రోజు తల ఎత్తకుండా, "అవ్ నాన్నా. నాదే తప్పు. నా వల్లనే మీకందరికి కష్టం," అంది.

అందులో కోపం లేదు, అలక లేదు, ఏడుపు కూడా లేదు. ఇంత జల్దీ ఓడిపోయిన బిడ్డ తన బిడ్డ కాదు. ఏదో అయింది, పెద్దదే అయింది అని ఆయనకు ఆ క్షణంలో తెలిసిపోయింది.

మర్నాడు షిఫ్ట్ దిగాక బాయి గేటు ముందు టీ బండి దగ్గర గోపాలు కలిశాడు. ఆయనా పంపు ఆపరేటరే, పగిడయ్య కంటే చిన్నవాడు. ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఏడిపించి నవ్వించే రకం. పగిడయ్య ఉండబట్టలేక సంగతంతా చెప్పేశాడు. గోపాలు ముఖంలో నవ్వు పోయింది. టీ గ్లాసు కింద పెట్టాడు.

"అన్నా, మా తమ్ముడు యాదున్నడా నీకు?"

"ఎందుకు లేడు. కడుపునొప్పితోటి పోయిండు కద పాపం."

"కడుపునొప్పని మేం చెప్పుకున్నం," అన్నాడు గోపాలు. "ఆడు గూడ గిట్లనే పండుకునేటోడు. సోమరోడన్నం. గాలి సోకిందని కోడిని కోసినం. నీ బిడ్డ అన్న మాటనే ఆడు గూడ అన్నడు, నాదే తప్పని. మేమేమో బుద్ధొచ్చిందనుకున్నం."

పగిడయ్య తన టీ గ్లాసు కూడా కింద పెట్టేశాడు.

"సావాలని ఉందారా అని ఆణ్ని ఒక్కసారి గూడ అడగలే అన్నా. అడిగితే లేని ఆలోచన మనమే పెట్టినట్టయితదని భయపడ్డం. ఆలోచన ఆడికి ఎప్పటి సందో ఉంది, తెల్వంది మాకే. ఆడు పోయినంక మా అమ్మ మంచం పడితే ఖమ్మంల ఒక డాక్టరమ్మకు చూపిచ్చినం. ఆమె చెప్పింది, ఇది జబ్బేనంట, దీనికి మందులున్నయంట. మాకు ముందుగాల ఎవ్వరు చెప్పలే. నీకు నేను చెప్తున్న. అడుగు. అడిగి, ఖమ్మం తీస్కపో."

తమ్ముడు పోయినప్పటి నుంచి ఊరందరి దగ్గరా దాచిన మాటను గోపాలు ఆ రోజు టీ బండి దగ్గర తన కోసం విప్పాడు. ఇట్లాంటి సాయానికి ఏమిచ్చి బదులు తీర్చుకుంటారో పగిడయ్యకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చేసరికి అరుణశ్రీ పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని ఉంది. గాలికి కూర్చోమని తల్లి బలవంతాన పంపినట్టుంది. పగిడయ్య సైకిల్ గోడకు ఆనించి పక్కన కూర్చున్నాడు. అడగాల్సిన మాటను దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాడు. బాయిలో నీళ్లు ముంచుకొచ్చిన రోజున కూడా ఆయన నోరు అంతగా ఎండలేదు.

"బిడ్డా, ఒకటడుగుత. నువ్వు ఏం చెప్పినా కోపం చెయ్య. నీకు సచ్చిపోవాలని అనిపిస్తుందా?"

వంటింట్లో నాంచారమ్మ చేతిలో గరిటె కిందపడి మోగింది. ఆ ఇంట్లో అంత చప్పుడై ఎన్నేళ్లయిందో.

అరుణశ్రీ తలెత్తింది. చాలా నెలల తర్వాత తండ్రి కళ్లలోకి చూసింది.

"పండుకుని మళ్ల లేవకుంటే మంచిగుండు అనిపిస్తది నాన్నా. రోజూ అనిపిస్తది. ఒక్కోపాలి ఏమన్న చేస్కుందామని గూడ అనిపిస్తది. నాకే భయమైతది. చెప్దామనుకున్న. నువ్వు పండుకుని ఉంటవ్ కద."

ఆ ఆఖరి మాట ఆమె నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అన్నది. పగిడయ్య బతికున్నంత కాలం ఆ మాట చెవిలో ఉంటుంది. అయినా అప్పుడు ఏడవడానికి తనకు హక్కు లేదనుకున్నాడు. బిడ్డ తలను గుండెకు అదుముకుని, "చెప్పినవ్ కద, మంచి పని చేసినవ్. ఇగ ఇది నీ ఒక్కదాని పని కాదు. రేపే ఖమ్మం పోదం," అన్నాడు. అరుణశ్రీ అప్పుడు ఏడ్చింది. పెద్దగా, వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

ఆ రోజు నుంచి నాంచారమ్మ తన పక్కను కూతురి మంచం పక్కన వేసుకుంది. కానీ ఖమ్మం డాక్టర్ అనేసరికి ఆమెకు గుండె జారింది.

"పిచ్చి డాక్టర్ కాడికా? నలుగురికి తెలిస్తే ఎట్లయ్యా? రేపు పిల్లను ఎవడు చేస్కుంటడు?"

"పిల్ల ఉంటే కద చేస్కునేది," అన్నాడు పగిడయ్య.

నాంచారమ్మ తెల్లారేసరికి పులిహోర చేసి డబ్బా కట్టింది. పక్కింటివాళ్లకు, పిల్లకు కళ్లద్దాల కోసం పోతున్నామని చెప్పింది. ఆ తర్వాత ఎన్నాళ్లో, అద్దాలేవమ్మా అని అడిగిన ప్రతివాళ్లకూ జవాబు చెప్పలేక ఆమె పడ్డ పాట్లు వేరే కథ.

ఖమ్మంలో ఆ డాక్టరమ్మ ముందు అరుణశ్రీతో ఒక్కదానితోనే చాలాసేపు మాట్లాడింది. తర్వాత తల్లిదండ్రులను లోపలికి పిలిచింది.

"దీన్ని డిప్రెషన్ అంటారు. జ్వరం ఎట్లా జబ్బో ఇదీ అట్లాగే జబ్బు. సోమరితనం కాదు, పొగరు కాదు, దయ్యం అసలే కాదు. చదువు ఒత్తిడికి కొందరికి వస్తుంది, ఏ కారణమూ లేకుండా కొందరికి వస్తుంది. మందులు ఇస్తాను. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మీ అంతట మీరు ఆపొద్దు. బాగయ్యేదాకా ఒంటరిగా వదలొద్దు. తనతో మాట్లాడటానికి నా దగ్గరికి తీసుకొస్తూ ఉండండి."

"మా వల్ల ఏం తప్పయింది మేడం?" అంది నాంచారమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"తప్పు వెతకొద్దమ్మా. అడిగారు చూడండి, అది చాలామంది చెయ్యరు. ఆ ఒక్క పనితో మీరు సగం దూరం వచ్చేశారు." డాక్టరమ్మ పగిడయ్య వైపు చూసింది. "ఇంట్లో ఎట్లా ఉంటారు? మాట్లాడుకుంటారా?"

నాంచారమ్మకు ఆ ప్రశ్నతో కాస్త ధైర్యం వచ్చింది. "మా ఇల్లు చానా నిమ్మళం మేడం. ఈయనది రాత్రి డ్యూటీ. పొద్దంతా చీమ చిటుక్కుమన్నా వినపడ్తది," అంది గర్వంగా.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "ఆ నిశ్శబ్దం వల్ల జబ్బు రాలేదు. కానీ వచ్చిన జబ్బు అందులో దాక్కుంది. కొంచెం చప్పుడు చెయ్యండమ్మా."

డాక్టర్ రాసిచ్చిన మందులన్నిటిలోకీ నాంచారమ్మకు మింగుడు పడనిది అదే. కుక్కర్ విజిల్ వేస్తుంటే ఆమె కాళ్లు వాటంతటవే స్టవ్ వైపు పరుగెత్తేవి, మళ్లీ తనే ఆగిపోయేది. గొంతు పెంచబోతే దగ్గొచ్చేది. వాసుగాడికి మాత్రం పండగయింది. చప్పుడు చెయ్యమని డాక్టర్ చెప్పిందని పళ్లెం గరిటెతో వాయిస్తూ ఇల్లంతా తిరిగాడు. రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు అదే గరిటెతో నాంచారమ్మ వాడికి ఒకటి అంటించింది.

మందులు వెంటనే పనిచేయలేదు. మొదట్లో ఆ పిల్లకు కడుపులో తిప్పేది, నోరెండిపోయేది. ఇవన్నీ ఎందుకు, ఆపేద్దాం అని నాంచారమ్మ, డాక్టరమ్మ ఏం చెప్పింది అని పగిడయ్య. పరీక్షల రోజులు వచ్చి పోయాయి. "పరీక్ష ఏడికి పోదు బిడ్డా, వచ్చే ఏడు గూడ పెడ్తరు," అన్నాడు. ఆ మాట పైకి అనడానికి ఆయన లోపల ఎంత మింగాల్సి వచ్చిందో ఆయనకే తెలుసు.

రోజూ షిఫ్ట్ దిగి వచ్చి కూతురి కాళ్ల దగ్గర నేల మీద కూర్చునేవాడు. ఏమైంది, ఎట్లుంది అని అడగడం మానేశాడు. తనే ఆ రోజు బాయిలో ఏం జరిగిందో చెప్పేవాడు. కథలు చెప్పడం ఆయనకు చేతకాదు. పంపు దగ్గర జరిగేవి కూడా ఏమంత ఉండవు.

"ఇయ్యాల పైపు కాడికి ఒక కప్ప వచ్చింది బిడ్డా. ఇంత లావుంది. భూమిల అంత కిందికి ఎట్లొచ్చిందో."

గోడవైపు నుంచి జవాబుండేది కాదు. అయినా చెప్పేవాడు. అట్లా చెప్పగా చెప్పగా ఒకరోజు గోడవైపు నుంచే చిన్నగా వినిపించింది.

"నిన్న గూడ కప్పనే చెప్పినవ్."

పగిడయ్య వంటింట్లోకి పరుగెత్తాడు. "ఏమే, కప్ప కథ నచ్చలేదంట!" అని, పెద్ద బహుమానం వచ్చినట్టు చెప్పాడు. నాంచారమ్మ పొయ్యి ముందు నిలబడి కళ్లు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే బాయికి కొత్త పంపు వచ్చింది. రాత్రి షిఫ్టుకు రమ్మని కబురు. ఇన్నేళ్లలో కొత్త మిషన్‌ను చూసి పగిడయ్య ఏడ్పుముఖం పెట్టడం అదే మొదటిసారి. గోపాలు ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"రాత్రులు నేను చేస్త. నువ్వు పోయి బిడ్డ కాడ కూకో."

"ఎన్నాళ్లు చేస్తవ్ గోపాలూ?"

"ఎన్నాళ్లయితే అన్నాళ్లు. మా తమ్ముని కాడ కూకోలేకపోతిని. నువ్వన్న కూకో."

"నీ ఇల్లాలు తిట్టదా?"

"పొద్దంతా తిడ్తది. తిట్టనీ, నేను పండుకునే ఉంట కద," అన్నాడు గోపాలు, మళ్లీ పాత గోపాలై. పగిడయ్య చేతులెత్తి దండం పెట్టబోతే పట్టుకుని కిందికి దించాడు. "పిల్ల నవ్విన రోజు వచ్చి చెప్పు. గంతే సాలు."

ఎండలు ముదిరాక డాక్టరమ్మ చెప్పినట్టు తండ్రీకూతుళ్లు తెల్లవారుజామున నడక మొదలుపెట్టారు. కాలనీ దాటితే అడవే. మొదట్లో పాత గేటు దాకా పోయి అలిసిపోయేది. ఇప్పచెట్ల కింద గొత్తికోయ గూడెం ఆడవాళ్లు రాలిన పూలు ఏరుకుంటూ కనిపించేవాళ్లు. ఒక పొద్దున అరుణశ్రీ తనంతట తనే ఆగి, కిందికి వంగి, ఒక ముసలమ్మ బుట్టలోకి పూలు ఏరడం మొదలుపెట్టింది. ఆ ముసలమ్మ వాళ్ల భాషలో ఏదో అంది. అర్థం కాక అరుణశ్రీ తండ్రి వైపు చూసింది, ఆయనకూ అర్థం కాలేదు. మట్టీ పుల్లలూ ఏరి తన బుట్ట నింపేస్తున్నావేంటని ఆమె తిడుతోందని చేతి సైగలతో తేలింది. అరుణశ్రీ నవ్వింది. పెద్ద నవ్వేం కాదు. పగిడయ్య ఆ పొద్దున షిఫ్టుకు అందరికంటే ముందు పోయి, రాత్రంతా మేలుకుని పైకొస్తున్న గోపాలుకు బాయి గేటు దగ్గరే ఎదురుపడి చెప్పాడు. ఇద్దరు పెద్ద మగవాళ్లు గేటుకు అడ్డంగా నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే కాపలా వాడు ఎవరు పోయారని అడిగాడట.

దారంతా సాఫీగా లేదు. వానల్లో ఆ పిల్ల మళ్లీ కొన్నాళ్లు గోడవైపు తిరిగింది. ఇంట్లో అందరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ ఈసారి తనే, "నాన్నా, మళ్ల గట్లనే అయితుంది. డాక్టరమ్మ కాడికి పోదమా?" అని అడిగింది. అది కూడా ఒక మెట్టేనని డాక్టరమ్మ చెప్పింది. మందు మార్చింది. దసరా నాటికి తేరుకుంది. మళ్లీ వచ్చిన మార్చిలో పరీక్షలు రాసింది. మార్కులు ఒక మోస్తరుగానే వచ్చాయి. నాంచారమ్మ ఆ మార్కులకు కాలనీ అంతా లడ్డూలు పంచింది.

అరుణశ్రీ డిగ్రీలో చేరాక గోపాలు ఒళ్లు ఇంక హూనం చెయ్యడం న్యాయం కాదని పగిడయ్య పట్టుబట్టి రాత్రి షిఫ్టులు తిరిగి తీసుకున్నాడు. ఈసారి ఎప్పుడూ రాత్రులే కాదు, వంతుల ప్రకారం. మళ్లీ పొద్దున్నే రావడం, తినడం, ముఖం మీద తువ్వాలు కప్పుకుని పడుకోవడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం ఆయనకు మెలకువ వచ్చింది. వంటింట్లో కుక్కర్ విజిల్ మీద విజిల్ వేస్తోంది. లోపలి గదిలో టీవీ రిమోట్ కోసం అక్కాతమ్ముళ్లు ఇల్లు పీకి పందిరేస్తున్నారు.

"నా వంతురా అది!"

"నువ్వు కాలేజీ నుంచి ఎప్పుడొచ్చినవ్? నీకు వంతేంది?"

అప్పుడు కారేపల్లి గొంతు లేచింది. పెట్టెలో నుంచి తీసి దులిపిన గొంతు. "ఓరి మీ నోళ్లు పడ! నాన్న పండుకున్నడు!"

ఆ అరుపుకు పక్క క్వార్టర్లో నిద్రపోతున్న ఆయన కూడా లేచి ఉంటాడు.

"ఇగ పండుకున్నట్టే. నీ అరుపుకే లేసుంటడు పో," అంది అరుణశ్రీ.

పగిడయ్య కదల్లేదు. నిద్ర చెడిందని ఒక్క పిసరు కోపం రాలేదు. తువ్వాలు కింద కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతుంటే కారనిచ్చాడు. ఇంత గోలను ఇంటికి పంపినవాళ్లందరినీ వరసగా తలుచుకున్నాడు. రాముడు, ముత్యాలమ్మ, డాక్టరమ్మ, గోపాలు, గోపాలు తమ్ముడు, బుట్ట నింపిందని తిట్టిన ముసలమ్మ, కాలిపోయిన పంపు.

కాసేపటికి గొడవ సద్దుమణిగింది. పట్టీల చప్పుడు ముందుగదిలోకి వచ్చింది. తన కాళ్ల దగ్గర నేల మీద ఎవరో కూర్చున్నారు. పగిడయ్య ఊపిరి మెల్లగా తీస్తూ నిద్ర నటించాడు. ఆ ఎదురుచూపును ఇంకొంచెంసేపు అనుభవించాలనిపించింది.

"నాన్నా, నువ్వు నిద్రపోతలేవ్."

పగిడయ్య చిన్నగా గురక పెట్టాడు.

"చేతి మీద ఈగ వాలింది. కొట్టలే నువ్వు. నాకు తెలుసు."

పగిడయ్య తువ్వాలు తీశాడు. గడ్డం కింద చేతులు పెట్టుకుని కూతురు ఆయన ముఖంలోకే చూస్తోంది. తడిసిన కళ్లను చూసింది గానీ, చూడనట్టు ఊరుకుంది.

"ఇయ్యాల కాలేజీల ఏమైందో తెల్సా..."

రాత్రికి డ్యూటీ ఉంది. కళ్లు మండుతున్నాయి. పగిడయ్య లేచి గోడకు ఆనుకుని కూర్చుని, "చెప్పు బిడ్డా," అన్నాడు.